పొల్లు తర్వాత నొక్కే కీ

సిటీ బస్సుల ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర నుంచి మెట్లు తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె పొల్లక్క. ఆ పేరు ఇక్కడివాళ్ళు పెట్టింది కాదు. అచ్చాఫీసు నుంచి ఆమె వెంట వచ్చింది. అక్కడ ఇరవై రెండేళ్ళు కంపోజింగ్ చేసింది. చేరిన కొత్తలో ఒక కరపత్రంలో నాలుగు చోట్ల పొల్లు ఎగిరిపోయింది. ప్రూఫులు దిద్దే పెద్దాయన ఆ కాగితం తెచ్చి ఆమె బల్ల మీద పడేశాడు.

"‘బస్’ కాస్తా ‘బస’ అయింది తల్లీ. ఏం, ఎక్కినవాళ్ళని అక్కడే పడుకోమంటావా?"

గది గదంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆమె చేతిలో ఒక్క పొల్లు కూడా పోలేదు. ఏడాది తిరిగేసరికి ఆయన దిద్దిన ప్రూఫుల్లో ఆయన చూడని పొల్లులు ఆమె పట్టి చూపించడం మొదలుపెట్టింది. ఆయనకు కోపం వచ్చిందో, ముచ్చటేసిందో, ఆ పేరు పెట్టాడు.

అచ్చాఫీసు మూతపడ్డాక ఈ ఆఫీసులో చేరి ఆరేళ్ళు. రెండో అంతస్తులో, డిపో వైపు కిటికీ పక్కన ఆమె బల్ల. కింద బస్సు కదిలినప్పుడల్లా కిటికీ అద్దం గిలగిల్లాడుతుంది. ఆమె కూడా అంతే, కుదురుగా కూర్చునే మనిషి కాదు. కంప్యూటర్ తెరుచుకునేలోపు బల్ల చెక్క మీద వేళ్ళతో ఏదో ఒకటి టైపు చేస్తూ ఉంటుంది.

నగరంలో అరవై నాలుగు రూట్లు, నూట నలభై స్టాపులు. ఒక్కో రూటుకి వెబ్‌సైటులో ఒక్కో పేజీ. పేజీలో స్టాపు పేరు ఒక గడి, బస్సు వచ్చే వేళ ఒక గడి, ఏ వైపు వెళుతుందో ఇంకో గడి. వెబ్‌సైట్లు చేసేవాళ్ళు వాటిని కస్టమ్ ఫీల్డులు అంటారు. సైటుతో పాటు వచ్చినవి కావు, మన అవసరానికి మనం పెట్టుకున్నవి అని. ఆమె మాత్రం గడులనే అంటుంది. ఆ గడులన్నీ ఆమె నింపినవే. వేళలు మారినప్పుడల్లా మార్చేదీ ఆమే.

గడులను తయారుచేసిన మనిషి పక్క బల్ల దగ్గరే కూర్చుంటాడు. నలభై దాటినవాడు. మాట తక్కువ, గడ్డం ఎక్కువ. అందుకని గడ్డం సారు. ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మూడు వారాల కిందట ఆయన సైటు ముందు పేజీలో కొత్తగా ఒక వెతుకులాట పెట్టె పెట్టాడు. అంతకుముందు రూటు నంబరు తెలిసినవాళ్ళకే సైటు పనికొచ్చేది. ఇప్పుడు స్టాపు పేరు ఎంచుకుంటే చాలు, అక్కడికి వచ్చే బస్సులన్నీ వరసగా కనపడాలి. నూట నలభై పేర్లూ ఆయనే ఫోనులో టైపు చేసి ఆ పెట్టెలో చేర్చాడు. పెట్టెలో ఎంచుకున్న పేరునూ, పేజీల గడుల్లో పొల్లక్క నింపిన పేర్లనూ సైటు పోల్చి చూస్తుంది. రెండూ ఒకటే అయితే ఆ బస్సు చూపిస్తుంది. కాకపోతే ‘ఈ స్టాపుకు బస్సులు లేవు’ అంటుంది.

బ్యాంకు దగ్గరకు బస్సులు కనపడ్డాయి. కోర్టుకు కనపడ్డాయి. మార్కెట్‌కు మాత్రం లేవంది.

ఫిర్యాదుల ఫోను ఎత్తే ఆమె మొదటి వారం నవ్వుతూనే చెప్పింది. "పొల్లక్కా, మార్కెట్‌కి బస్సులు లేవంట, మీ సైటు చెప్తోంది. కిటికీలోంచి చూస్తే మార్కెట్ బోర్డు తగిలించుకుని మూడు నిలబడి ఉన్నాయి. వాటికైనా చెప్పండి, మీరు లేరని."

రెండో వారం నవ్వడం మానేసింది. మూడో వారం పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. హాస్పిటల్ స్టాపుకు బస్సులు లేవని మీ వెబ్‌సైటు చెబుతోంది, అది నమ్మి కట్టు విప్పించుకోవలసిన రోగులు కాలినడకన వస్తున్నారు, దీనికి బాధ్యులెవరో పేరుతో సహా రాతపూర్వకంగా తెలపండి అని.

బుధవారం మేనేజరు ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"గడులు నింపింది మీరు. పెట్టె కట్టింది ఆయన. తప్పు ఇద్దరిలో ఒకరిదే కదా. ఎవరిది?"

"అరవై నాలుగు పేజీలూ మళ్ళీ చదివాను సార్," అంది పొల్లక్క. "అక్షరం పొల్లు పోలేదు."

"అక్కా," అన్నాడు గడ్డం సారు, "ఎక్కడన్నా స్పేసు ఒకటి ఎక్కువ పడిందేమో. పేరు చివర పడితే కనపడదు."

"నా చేతిలో స్పేసులు ఎక్కువ పడవు. నిన్నా ఇవాళా నేర్చుకున్నానా టైపు?"

ఆయన మళ్ళీ అడగలేదు. మేనేజరు తెల్లకాగితం ముందుకు తోశాడు. నింపిన వివరాలన్నీ సరిచూశాననీ, తప్పులు లేవనీ ఆమె రాసి సంతకం పెట్టింది. మేనేజరు దాన్ని ఫైలులో పెట్టుకుని, శుక్రవారం పదకొండింటికి ఆసుపత్రికి జవాబు వెళుతుందని చెప్పాడు. జవాబులో గడ్డం సారు పేరు ఉంటుంది. ఈ నెలాఖరుకి ముగిసే ఆయన కాంట్రాక్టు ఇక పొడిగించరు.

గురువారమంతా ఆమె లేస్తూ కూర్చుంటూ గడిపింది. నీళ్ళు తాగడానికి లేచి గ్లాసు పట్టుకుని కిటికీ దాకా వెళ్ళి, తాగకుండానే తిరిగి వచ్చేది. పక్క బల్ల మీద గడ్డం సారు ఒక్కొక్కటీ చేసుకుంటూ పోతున్నాడు. సైటు దాచిపెట్టుకున్న పాత కాపీలన్నీ చెరిపేశాడు. గడి పేరు లోపల ఒకరకంగా, బయట ఒకరకంగా ఉందేమో చూశాడు. గడి తీసేసి కొత్తది పెట్టి చూశాడు. సైటుకు తగిలించిన హంగులన్నీ ఒకటొకటిగా ఆపి, ఒకటొకటిగా మళ్ళీ నడిపాడు. ప్రతిసారీ పెట్టెలో మార్కెట్ ఎంచుకునేవాడు. ప్రతిసారీ ఈ స్టాపుకు బస్సులు లేవు.

"ఇంగ్లిషు మాటలంటే మీ సైటుకి పడదేమో," అంది ఫోను ఆమె, అటుగా వెళుతూ. "హాస్పిటల్, మార్కెట్, రైల్వే స్టేషన్. చూడండి, అన్నీ దొరలే."

గడ్డం సారు తల ఎత్తలేదు. సాయంత్రం వెళ్ళేముందు తన కాఫీ కప్పు కడిగి, తుడిచి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. నాలుగేళ్ళుగా ఆ కప్పు బల్ల మీద నుంచి ఇంటికి వెళ్ళడం పొల్లక్క చూడలేదు.

"కప్పెందుకు?" అంది.

"ఇక్కడుంటే పగుల్తుందని."

ఇల్లు చేరేసరికి భర్త ముందు గదిలో ఒక ఫ్రిజ్ వెనక భాగం విప్పుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పని అదే. ఇంటి ముందు గది సగం కొట్టు, సగం దారి. ఫ్రిజ్‌ల మధ్య నుంచి పక్కకు తిరిగి లోపలికి నడవాలి. ఆమె సంచి పెట్టి, ఆ సందులోనే అటు పదడుగులు ఇటు పదడుగులు వేయడం మొదలుపెట్టింది.

"కూర్చోవోయ్. నీ నడకకి నా నట్లన్నీ మంచం కిందకి దొర్లుతున్నాయి."

"కూర్చుంటే ఇంకా ఎక్కువవుతోంది."

"కాలు కాలిన పిల్లికి కూడా మధ్యలో కాసేపు విశ్రాంతి ఉంటుంది. ఏంటి సంగతి?"

చెప్పింది. ఆయన స్క్రూ డ్రైవర్ పట్టుకునే విన్నాడు.

"నీ తప్పు లేదని రాసిచ్చావు. నీ తప్పు లేదు. మరి నీకెందుకు ఈ కంగారు?"

"నా మాట మీదే కదా ఆయన్ని తీసేస్తున్నారు."

"మాట నిజమే కదా."

"నిజమే. కానీ అది ఎందుకు పనిచెయ్యట్లేదో తెలియందే నిజమని ఎట్లా అనుకోను?"

భర్త స్క్రూ డ్రైవర్ కింద పెట్టాడు. "పనిచెయ్యని దాన్ని ముందు పెట్టుకుని చూస్తూ కూర్చుంటే ఏం తెలియదు. నా దగ్గరికి చల్లబడని ఫ్రిజ్ వస్తే, చల్లబడేదాన్ని లాక్కొచ్చి పక్కన పెడతాను. దీంట్లో ఉన్నదేంటి, దాంట్లో లేనిదేంటి. మీ స్టాపులు ఎన్ని పనిచేస్తున్నాయి, ఎన్ని చెయ్యట్లేదు?"

మూడు వారాల్లో ఎవరూ లెక్క రాయలేదు. అందరూ మార్కెట్‌నీ హాస్పిటల్‌నీ పట్టుకునే వేలాడారు.

ఒక కొత్త ఫ్రిజ్ అట్టపెట్టె చించి, దాని లోపలి వైపు నిలువుగా గీత గీశారు. ఆమె ఫోనులో సైటు తెరిచి ఒక్కో స్టాపూ ఎంచుకుని చూస్తూ రాసింది. బస్సులు కనపడితే ఎడమ పక్క. లేకపోతే కుడి పక్క. ఎడమ పక్క బ్యాంకు, కోర్టు, కాలవ వంతెన, పోస్టాఫీసు, నీళ్ళ ట్యాంకు, సినిమాహాలు, లైబ్రరీ, డిపో. కుడి పక్క మార్కెట్, హాస్పిటల్, రైల్వే స్టేషన్, క్లాక్ టవర్, హైస్కూల్, పార్క్, పవర్ హౌస్. నూట నలభైలో కుడి పక్కకు ముప్పై ఎనిమిది చేరాయి.

"మీ ఫోనావిడ చెప్పింది తప్పు," అన్నాడు భర్త. "బ్యాంకు ఇంగ్లిషు కాదా? కోర్టు మాత్రం మనమ్మమ్మ పెట్టిన పేరా?" అట్ట తన వైపు తిప్పుకుని కుడి పక్క బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. "మార్కెట్టు. హాస్పిటలు. రైల్వే స్టేషను. పార్కు..."

"రాసింది రాసినట్టు చదవండి. మార్కెట్టు కాదు, మార్కెట్. పార్కు కాదు, పార్క్. స్టాపు బోర్డు మీద అట్లాగే ఉంది."

"నోరు మూతపడొద్దూ? చివర ఓ ఉకారం పడితే గానీ నాకు మాట దిగదు. అయినా బ్యాంకుకి పెట్టావు, కోర్టుకి పెట్టావు, ట్యాంకుకి పెట్టావు. పార్కుకేం రోగం?"

జవాబు చెప్పబోయి ఆమె ఆగింది. అట్ట లాక్కుని ఎడమ పక్క పైనుంచి కిందకు చూసింది. బ్యాంకు, కోర్టు, ట్యాంకు. ఉకారం తగిలించుకుని తెలుగులో స్థిరపడిపోయినవి. వంతెన, లైబ్రరీ, డిపో. ఒక్కదాని నెత్తిన కూడా పొల్లు లేదు. కుడి పక్క చూసింది. పొల్లు లేనిది ఒక్కటీ లేదు. హెడ్ పోస్టాఫీసు ఉకారంతోనే ముగుస్తోంది కదా, కుడి పక్కన ఎందుకుంది అని చూస్తే, ముందు ‘హెడ్’ ఉంది.

కుడిచేతి చిటికెన వేలు దానంతట అది కదిలింది. అది ఏ కీ మీదకు వెళుతుందో ఆమెకు తెలుసు.

అచ్చాఫీసులో పాత కీబోర్డు పోయి కొత్తది వచ్చినప్పుడు నేర్పినవాళ్ళు ఒక సంగతి గట్టిగా చెప్పారు. కొత్తదానిలో పొల్లు కొట్టి వెంటనే ఇంకో అక్షరం కొడితే, ఆ అక్షరం వత్తుగా మారి కిందకు దిగిపోతుంది. విడిగా నిలబడాలంటే పొల్లు తర్వాత ఇంకో కీ నొక్కాలి. అది నొక్కితే తెర మీద ఏమీ పడదు. కాగితం మీదా ఏమీ పడదు. కానీ ఫైలులో ఉంటుంది. అచ్చాఫీసులో దాన్ని ‘విడి’ అనేవాళ్ళు. మాట మధ్యలో అవసరమైన చోటే నొక్కాలి. మాట చివర దానితో పని లేదు. అయితే ఎక్కడ అవసరమో ప్రతిసారీ ఆలోచిస్తే వేగం పోతుంది. నొక్కితే నష్టం లేదు, మర్చిపోతే ఉంది. అందుకని ఆమె, వత్తు కోసం కొట్టేవి తప్ప, ప్రతి పొల్లు తర్వాతా నొక్కడం అలవాటు చేసుకుంది. కొన్నాళ్ళకు నొక్కుతున్నట్టు కూడా ఆమెకు తెలియకుండా పోయింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ మొహమేంటి?"

"చేతులు కడుక్కుని రండి, తిందురు గాని."

మర్నాడు ఎనిమిది కాకముందే ఆఫీసుకు చేరింది. మెట్లు తుడిచే ఆమె బకెట్ పక్కకు జరిపి, "పొల్లక్కా, ఇవాళ సూర్యుడు మీకంటే వెనకబడ్డాడే," అంది. పొల్లక్క వినిపించుకోకుండా పైకి వెళ్ళిపోయింది.

అరవై నాలుగు పేజీల గడులనూ ఒక పెద్ద పట్టికలోకి దించింది. అది దాచి, దాని పక్కన గడ్డం సారు జాబితాను పెట్టింది. ఆ పట్టికలో ఒక మాటలో ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టే సౌకర్యం ఉంది. ఆయన మార్కెట్ ముందు ఎనిమిది అని పడింది. ఆమె మార్కెట్ ముందు తొమ్మిది.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. మ, దీర్ఘం, ర, పొల్లు, క, ఎత్వం, ట, పొల్లు. ఎనిమిది. తొమ్మిదోది కంటికి కనపడదు. అది తనది.

ఒక్క పేజీలో, ఒక్క మార్కెట్ చివర ఆ గుర్తు చెరిపేసి, పెట్టెలో మార్కెట్ ఎంచుకుంది. బస్సు కనపడింది. పదకొండో నంబరు, ఆరుంబావుకు.

కింద డిపోలో బస్సు కదిలింది. అద్దం గిలగిల్లాడింది. ఆమె మెట్ల వైపు చూసింది. ఇంకా ఎవరూ రాలేదు. అన్ని పేజీల్లోనూ ఆ గుర్తు వెతికి తీసేయమని చెప్పడానికి ఒకే ఒక్క ఆజ్ఞ చాలు. తీసేసినవి వెయ్యికి పైగా తేలాయి. తొమ్మిదిన్నరకల్లా ముప్పై ఎనిమిది స్టాపులూ ఒకటొకటిగా చూసింది. అన్నిటికీ బస్సులు వచ్చాయి.

ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకుంది. బాగైంది కదా, ఇంక ఆయన్ని ఎందుకు తీసేస్తారు? ఆ మాట మనసులో రెండుసార్లు అనుకుంది. రెండోసారి మొదటిసారంత గట్టిగా రాలేదు.

గడ్డం సారు పదింటికి వచ్చాడు. కుర్చీ లాక్కుని, అలవాటుగా మార్కెట్ ఎంచుకున్నాడు. చెయ్యి మౌసు మీద అలాగే ఉండిపోయింది.

"అక్కా. వస్తున్నాయి."

"ఏవి?"

"మార్కెట్ బస్సులు. హాస్పిటల్‌వి కూడా."

"మంచిదేగా."

"నేనేం చెయ్యలేదే." ఆయన గడ్డం రెండు చేతులతో పట్టుకున్నాడు. "రాత్రికి రాత్రి దానంతటదే ఎట్లా బాగవుతుంది? ఎందుకు బాగైందో తెలియనిది మళ్ళీ ఎప్పుడు పాడవుతుందో ఎవరికి తెలుసు?"

ఆమె గ్లాసు తీసుకుని నీళ్ళకు వెళ్ళింది. గ్లాసు నిండి, నీళ్ళు వేళ్ళ మీదకు పొర్లాక కుళాయి కట్టేసింది.

పదకొండింటికి ఇద్దరూ మేనేజరు గదిలో నిలబడ్డారు. బల్ల మీద ఆసుపత్రికి వెళ్ళే జవాబూ, దాని కింద గడ్డం సారు కాంట్రాక్టు ముగింపు కాగితమూ టైపు చేసి ఉన్నాయి. సంతకం ఒక్కటే మిగిలింది. మేనేజరు తన కంప్యూటర్ మీద హాస్పిటల్ ఎంచుకుని చూశాడు. వరసగా పడిన పద్నాలుగు బస్సులను చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"చూశారా పొల్లక్కా? మూడు వారాలు జనం నడిచారు. కాంట్రాక్టు లేదనేసరికి ఒక్క రాత్రిలో బాగైంది. చేతకాక కాదు. ఒళ్ళు బరువు."

"నేను బాగుచెయ్యలేదు సార్," అన్నాడు గడ్డం సారు.

"మరి నేను చేశానా?"

"ఎవరు చేశారో తెలియదు. పొద్దున వచ్చేసరికి పనిచేస్తోంది."

"బాగుంది. పాడైతే నాకు తెలియదు, బాగైతే నాకు తెలియదు. నాలుగేళ్ళుగా తమరు ఇక్కడ ఏం చేస్తున్నారో అదన్నా తెలుసా?" మేనేజరు కలం టోపీ తీశాడు.

తానే బాగుచేశానని గడ్డం సారు అబద్ధం ఆడినా బతికిపోయేవాడు కాదు. నిజం చెప్పినందుకు ఇంకాస్త మునిగాడు.

"నేను చేశాను," అంది పొల్లక్క.

మేనేజరు కలం కాగితానికి కొంచెం పైన ఆగింది.

"పాడు చేసింది కూడా నేనే. నా టైపింగులో తేడా ఉంది. పొల్లు తర్వాత కనపడని గుర్తు ఒకటి పడుతుంది. ఆయన జాబితాలో అది లేదు. అందుకని సైటు రెండిటినీ వేరనుకుంది."

మేనేజరు ఆమెను జాలిగా చూశాడు. "పొల్లక్కా, మీది మంచి మనసు. పక్క బల్లాయన, నాలుగేళ్ళ పరిచయం. కాపాడాలని ఉంటుంది. కానీ కనపడని గుర్తంటే నేనెట్లా నమ్మాలి చెప్పండి?"

"ఆ కీబోర్డు ఇటివ్వండి సార్."

ఆమె కూర్చోలేదు. నిలబడే తెర ముగ్గురికీ కనపడేలా తిప్పింది. గడ్డం సారు జాబితాలోంచి ఒక మార్కెట్, పొద్దున దాచిన పట్టికలోంచి తన మార్కెట్ తెచ్చి, ఒకదాని కింద ఒకటి పెద్ద అక్షరాలతో పెట్టింది.

"రెండిటికీ తేడా ఏమన్నా ఉందా?"

మేనేజరు కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు. "ఏముంది? రెండూ మార్కెట్టే."

"రెండిటికీ చివర ‘లో’ కొడుతున్నాను. చూడండి."

పై మాట చివర కొట్టింది. ‘మార్కెట్లో’ అని పడింది. ల వత్తు ట కిందకు దూరి వేలాడింది. కింది మాట చివర కొట్టింది. ‘మార్కెట్‌లో’ అని పడింది. లో విడిగా, దూరంగా నిలబడింది.

గడ్డం సారు తెరకు ఒక అడుగు దగ్గరగా వచ్చి, కింది మాటను వేలితో ముట్టుకోబోయి ఆగాడు.

"పైది ఆయనది. కిందది నాది," అంది ఆమె.

"రెండిట్లో ఏది కరెక్టు?" అన్నాడు మేనేజరు.

"అచ్చులో ఇట్లా విడిగా నిలవాలంటే నాది. గడిలో ఆయనది."

"బుధవారం తప్పుల్లేవని రాసిచ్చారు కదా."

"చదివే రాశాను సార్. చదివితే తెలిసేది కాదు."

"మరి ఎప్పుడు తెలిసింది?"

ఇక్కడ ‘ఇవాళ పొద్దున’ అని ఉంటే సరిపోయేది.

"నిన్న సాయంత్రం."

మేనేజరు గోడ గడియారం వైపు చూశాడు. గడ్డం సారు గడియారం వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు.

మేనేజరు జవాబు కాగితం మీద ఒక వాక్యం అడ్డంగా కొట్టేసి, "జవాబులో పేరు రాయాలి. మీ పూర్తి పేరు చెప్పండి," అన్నాడు. ఆమె చెప్పింది. ఆ గదిలో అంతకుముందు ఆ పేరు ఎవరూ వినలేదు. మేనేజరు రెండోసారి అడిగి రాసుకున్నాడు. మెమో సోమవారం అందుతుందన్నాడు. గడ్డం సారు కాంట్రాక్టు సంగతి ఆయన ఎత్తలేదు. అయితే జవాబు కింద ఉన్న రెండో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. అది ఏ కాగితమో ఇద్దరికీ తెలుసు.

బల్లల దగ్గరకు తిరిగి వచ్చాక గడ్డం సారు సైటు తెరిచి కూర్చున్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది, లేచింది.

"బుధవారం అడిగాను మిమ్మల్ని," అన్నాడు చివరికి, తెర వైపే చూస్తూ.

"అడిగారు."

"కనపడనిది ఏదన్నా పడిందేమో అన్నాను."

"స్పేసు అన్నారు. స్పేసు కాదుగా."

"అక్కా, జోకులొద్దు. మూడు వారాలు నా బుర్రని నేనే అనుమానించుకున్నాను. ఇంట్లో వాళ్ళకి నేను పనికిరానేమోనని చెప్పేశాను కూడా. పొద్దున వచ్చినప్పుడైనా చెప్పలేకపోయారా? నేను గడ్డం పట్టుకుని కూర్చుంటే మీరు నీళ్ళకి వెళ్ళారు."

"తప్పే," అంది.

ఆయన అవునని అనలేదు, పర్లేదని అనలేదు. స్టాపు పేరు గడిని తెరిచి దాని రకం మార్చడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ అది ఏదైనా టైపు చెయ్యగల ఖాళీ గడి. ఇకనుంచి నూట నలభై పేర్లున్న ఒకే జాబితాలోంచి ఎంచుకునే గడి. వెతుకులాట పెట్టె కూడా ఆ జాబితానే చూస్తుంది. పేజీలు నింపేటప్పుడు స్టాపు పేర్లు ఎవరూ టైపు చెయ్యనక్కర్లేదు. అది సరైన పనేనని ఆమెకు అర్థమైంది. మొదట్లోనే అలా చేసి ఉండాల్సిందని ఆయనకూ తెలుసు. ఆ మాట ఇద్దరూ అనలేదు.

"జాబితా ఒక్కసారి మొదటి నుంచి శుభ్రంగా కొట్టాలి. ఫోనులో కొట్టినదాంట్లో నా తప్పులు ఏమున్నాయో," అన్నాడు.

పొల్లక్క కీబోర్డు తన వైపు లాక్కోవడానికి చెయ్యి చాచింది. ఆయన దాన్ని తన వైపుకి జరుపుకున్నాడు. విసురుగా కాదు, ఒక బెత్తెడు.

"మీరు చదవండి. నేను కొడతాను."

"నూట నలభై పేర్లు. మీకు సాయంత్రం అవుతుంది."

"అవనివ్వండి."

ఆమె స్టాపుల కాగితం పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడింది. ఆయన రెండు చూపుడు వేళ్ళతో కొడతాడు. ఒక్కో అక్షరానికీ కీ వెతుక్కుంటాడు. ‘కాలవ వంతెన’ పూర్తయ్యేసరికి ఆమె నాలుగు పేజీలు నింపేది. ఆమె ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చింది. కాగితం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చింది. ఇరవై ఏడో పేరు దగ్గరకు వచ్చారు.

"మార్కెట్," అంది.

ఆయన కొట్టాడు. మ. దీర్ఘం. వెతికి ర. పొల్లు. క. ఎత్వం. ట. పొల్లు. ఆమె తెర మీదకు వంగింది.

"చివర ఇంకేం నొక్కలేదుగా?"

"నొక్కలేదు. కావాలంటే చూసుకోండి."

"చూస్తే కనపడదు."

"అయితే నమ్మండి," అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే. "తర్వాత?"

ఆమె కాగితం మీదకు కళ్ళు దించి, తర్వాతి పేరు చదివింది.